ఫ్రెషర్ ఐటీ రెజ్యూమె: సర్టిఫికేషన్ చేయాలా, ప్రాజెక్ట్ కట్టాలా, ఇంటర్న్‌షిప్ వెతకాలా?

చదువు అయిపోయింది. రెజ్యూమె ఒక పేజీ కూడా నిండట్లేదు. లేదంటే రెండు పేజీలు నిండింది గానీ, చదివేవాళ్లకు పనికొచ్చేది అందులో రెండు లైన్లే. చేతిలో ఓ మూడు నెలల టైముంది. ఈ మూడు నెలల్లో ఏం చేయాలని అడిగితే ఒక్కొక్కరు ఒక్కోటి చెబుతారు. క్లౌడ్ సర్టిఫికేషన్ చేయమని ఒకరు, కోడ్ పెట్టుకునే సైట్ గిట్‌హబ్‌ను నింపమని ఇంకొకరు, జీతం ఇవ్వకపోయినా ఎక్కడో ఒకచోట ఇంటర్న్‌గా చేరమని మరొకరు. ఏ సలహానూ తీసిపారేయలేం. కానీ అన్నీ ఒకేసారి మొదలుపెడితే సగం కోర్సు, సగం ప్రాజెక్ట్, ఎవరూ చూడని రెండు పుల్ రిక్వెస్టులు (వేరేవాళ్ల కోడ్‌లో మన మార్పు చేర్చమని పంపే అభ్యర్థనలు) మిగులుతాయి. అలాంటి రెజ్యూమెలు నా దగ్గరికి చాలా వచ్చాయి. వాటి వెనకున్న కష్టం తెలిసి బాధేస్తుంది.

మా టీమ్‌లోకి కొత్తవాళ్లను తీసుకునేటప్పుడు రెజ్యూమెలు చదివి, ఆ మనుషులతో మాట్లాడే పని నాది. ఆ అనుభవంతో ఒక మాట చెబుతాను. రెజ్యూమెలో ఒక లైన్ ఎంత బలమైనదో దాని మీద అడిగే మూడో ప్రశ్న దగ్గర తెలుస్తుంది. మొదటి ప్రశ్న ‘ఇదేంటి?’. దానికి అందరూ చెబుతారు. రెండోది ‘ఎలా చేశారు?’. చాలామంది చెబుతారు. మూడోది ‘ఇలాగే ఎందుకు చేశారు, ఇంకోలా చేస్తే ఏమయ్యేది?’. నిజంగా చేసినవాళ్లు ఇక్కడ హుషారుగా మాట్లాడటం మొదలుపెడతారు. చేయనివాళ్లు ఆగిపోతారు.

## ఎంచుకునే ముందు చూడాల్సినవి

కావాల్సిన ఉద్యోగంతో సంబంధం. ‘ఐటీ జాబ్’ అనే పేరుతో ఉద్యోగం ఉండదు. హెల్ప్ డెస్క్, డెవలపర్, టెస్టింగ్, నెట్‌వర్క్, క్లౌడ్ సపోర్ట్, డేటా అనలిస్ట్, ఇవన్నీ వేర్వేరు పనులు. వీటిని ఒకే గాటన కట్టి ఒకే రెజ్యూమె తయారుచేస్తే అది ఎవరికీ నప్పదు. ముందు మీకు నచ్చిన రోల్‌కు ఓ పదిహేను ప్రకటనలు తీసుకుని, వాటిలో మళ్లీ మళ్లీ వచ్చే పదాలను ఒక కాగితం మీద లెక్కపెట్టండి. ఒక సాయంత్రం పని. ఏ స్నేహితుడి సలహా కన్నా ఆ కాగితమే ఎక్కువ చెబుతుంది.

తొలి వడపోత. రెజ్యూమెను మొదట చూసేది చాలాసార్లు టెక్నికల్ మనిషి కాదు. రిక్రూటర్ కావచ్చు, దరఖాస్తులను వరసపెట్టే సాఫ్ట్‌వేర్ కావచ్చు. వాళ్లు వెతికేది ప్రకటనలో ఉన్న పదాలను.

మూడో ప్రశ్న. పైన చెప్పిందే.

ఎంతవరకు మన చేతిలో ఉంది. ప్రాజెక్ట్ ఈ రాత్రే మొదలుపెట్టవచ్చు. ఇంటర్న్‌షిప్ ఎవరైనా ఇస్తేనే వస్తుంది.

టైమ్, డబ్బు సంగతి ఎలాగూ ఉంటుంది. కింది పట్టికలో నెలలు, వారాలు అన్నీ నా అంచనాలే. రోజుకు రెండు మూడు గంటలు కూర్చునేవాళ్లను దృష్టిలో పెట్టుకుని వేశాను.

| | సర్టిఫికేషన్ | సొంత ప్రాజెక్ట్ లేదా ల్యాబ్ | ఇంటర్న్‌షిప్, చిన్న పనులు | ఓపెన్ సోర్స్ (అందరికీ తెరిచి ఉంచిన కోడ్‌లో పనిచేయడం) |
|---|---|---|---|---|
| తొలి వడపోత దాటించడం | ప్రకటనలో పేరుంటే బాగా | ఓ మాదిరి | చాలా బాగా | ఓ మాదిరి |
| మూడో ప్రశ్నకు నిలవడం | దానంతట అది నిలవదు | మీరే కడితే చాలా బాగా | చాలా బాగా | చాలా బాగా |
| మన చేతిలో ఉండటం | పూర్తిగా | పూర్తిగా | తక్కువ | సగం |
| ఖర్చు | పరీక్ష ఫీజు | దాదాపు ఏమీ లేదు | మీరు కట్టాల్సింది ఏమీ ఉండకూడదు | లేదు |
| టైమ్ | 1 నుంచి 3 నెలలు | 3 నుంచి 6 వారాలు | 2 నెలలు, ఆపైన | ముందే చెప్పలేం |

## సర్టిఫికేషన్

ముందు ఒక తేడా చెప్పాలి. వీడియోలు చూసి పూర్తిచేస్తే వచ్చే కోర్సు సర్టిఫికెట్ వేరు, ఎవరో ఒకరి నిఘాలో పరీక్ష రాసి తెచ్చుకునే సర్టిఫికేషన్ వేరు. గూగుల్ 2018లో కోర్సెరాలో మొదలుపెట్టిన ఐటీ సపోర్ట్ సర్టిఫికెట్ మొదటి రకం. పాఠం బాగుంటుంది, పునాది పడుతుంది. రెజ్యూమెలో దానికి ఒక లైన్ చాలు. అలాంటివి పన్నెండు వరసగా రాస్తే మాత్రం చదివేవాళ్లకు వచ్చే అనుమానం ఒకటే: ఈ మనిషి నేర్చుకున్నదానితో ఏం చేశాడు?

రెండో రకంలో మొదటి మెట్టుకు సరిపోయేవి కొన్నే ఉన్నాయి. హెల్ప్ డెస్క్, డెస్క్‌టాప్ సపోర్ట్‌కు కాంప్‌టియా ఏ ప్లస్. ఇందులో రెండు పరీక్షలు, ఒక్కోదానికి 90 నిమిషాలు, గరిష్ఠంగా 90 ప్రశ్నలు. నెట్‌వర్క్ వైపు వెళ్లేవాళ్లకు సిస్కో సీసీఎన్ఏ. 2020 నుంచి దీనికి ఒకటే పరీక్ష, 120 నిమిషాలు. ఇది ఏ ప్లస్ కన్నా కష్టం, సబ్‌నెట్టింగ్ (నెట్‌వర్క్‌ను చిన్న భాగాలుగా విడగొట్టే లెక్క) చేతికి అలవాటు కాకుండా దాటలేరు. క్లౌడ్‌లో అడుగుపెట్టేవాళ్లకు ఏడబ్ల్యూఎస్ క్లౌడ్ ప్రాక్టీషనర్ (65 ప్రశ్నలు, 90 నిమిషాలు), లేదా మైక్రోసాఫ్ట్ అజ్యూర్ ఫండమెంటల్స్, అంటే ఏజెడ్-900. మొదటి మూడూ మూడేళ్లకు గడువు తీరిపోతాయి. అజ్యూర్ ఫండమెంటల్స్‌కు గడువు లేదు. గడువు ఉన్నవాటికైతే, ఉద్యోగాల వేట ఇంకా ఏడాది దూరంలో ఉంటే తొందరపడి పరీక్ష రాయకండి, చదువుతూ ఉండండి.

దీనితో వచ్చే లాభం స్పష్టం: ప్రకటనలో ఆ పేరు ఉంటే వడపోత దాటుతారు. లోటు కూడా అంతే స్పష్టం. డీఎన్ఎస్ అంటే సైట్ పేరును ఐపీ అడ్రస్‌గా, అంటే కంప్యూటర్ నంబరుగా మార్చే ఏర్పాటు. ఏ ప్లస్ పాసైన ఒకబ్బాయిని ‘డీఎన్ఎస్ పనిచేయకపోతే వాడేవాళ్లకు ఏం కనిపిస్తుంది?’ అని అడిగాను. నిర్వచనం పొల్లుపోకుండా చెప్పాడు. ఐపీ అడ్రస్‌తో పింగ్ (అవతలి కంప్యూటర్ జవాబిస్తుందో లేదో చూసే పరీక్ష) వెళ్తుంది, పేరుతో వెళ్లదు అన్న చిన్న సంగతి మాత్రం అతనికి తట్టలేదు. అతను కష్టపడి చదివాడు, అందులో అనుమానం లేదు. ఒక్కసారైనా డీఎన్ఎస్‌ను తన చేత్తో చెడగొట్టి చూడలేదు, అంతే.

డెవలపర్ ఉద్యోగానికైతే సర్టిఫికేషన్ మీద మొదటి మూడు నెలలు పెట్టొద్దని నా గట్టి అభిప్రాయం. అక్కడ కోడ్ చూపించమంటారు.

## సొంత ప్రాజెక్ట్, సొంత ల్యాబ్

చాలామందికి నేను మొదట చెప్పేది ఇదే. కాస్త ఎక్కువ మాట్లాడతాను.

ప్రాజెక్టుల్లో రెండు రకాలు చూస్తుంటాను. వీడియో చూస్తూ కట్టినవి మొదటి రకం: టు-డూ లిస్ట్, వాతావరణం యాప్, సినిమా సైట్ నకలు. నేర్చుకోవడానికి మంచివే, ఎవరైనా అక్కడే మొదలుపెడతారు. కానీ ఒకే వీడియో చూసిన వెయ్యిమంది రెజ్యూమెల్లో ఆ ప్రాజెక్టే ఉంటుంది. రెండో రకం, ఎవరో ఒక మనిషి అవసరం తీర్చేవి. చదువుకునే రోజుల్లో హాజరు లెక్కలకు ఇబ్బంది పడ్డారా? తెలిసినవాళ్లు చిన్న సంఘం నడుపుతూ సభ్యుల చందాలు నోట్‌బుక్‌లో రాసుకుంటున్నారా? దానికి ఒక చిన్న వెబ్ యాప్ కట్టండి. ఇద్దరు ముగ్గురు నిజంగా వాడితే చాలు. వాడటం మొదలవ్వగానే వీడియోలో చెప్పని సమస్యలు వస్తాయి. ఒకే పేరుతో ఇద్దరు సభ్యులు ఉంటారు. తేదీని ఒకరు ఒకలా, ఇంకొకరు ఇంకోలా టైప్ చేస్తారు. ఒకరు పొరపాటున అంతా డిలీట్ చేస్తారు, అప్పుడు బ్యాకప్ గుర్తొస్తుంది. మూడో ప్రశ్నకు జవాబు ఇక్కడే పుడుతుంది.

టు-డూ లిస్ట్ ఇప్పటికే కట్టేసి ఉంటే పారేయక్కర్లేదు. దానికి లాగిన్ పెట్టండి, టెస్టులు రాయండి, ఎక్కడో ఒకచోట డిప్లాయ్ చేయండి (ఇతరులు వాడుకునేలా ఆన్‌లైన్‌లో పెట్టండి), ఎక్కడ నెమ్మదిస్తుందో కొలవండి. నకలు నెమ్మదిగా మీదవుతుంది.

గిట్‌హబ్‌లో పెట్టేటప్పుడు రీడ్‌మీ రాయకుండా వదలొద్దు. ఇది ఏం చేస్తుంది, ఎలా నడపాలి, ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నారు, ఇంకా ఏం మిగిలింది, నాలుగు పేరాలు చాలు. నేను లింకు తెరిస్తే ముందు చదివేది అదే, తర్వాత చూసేది కమిట్ల (సేవ్ చేసిన ఒక్కో మార్పు) వరస. ఒకే రోజు ఒకే కమిట్‌లో మొత్తం కోడ్ పడి ఉంటే అది ఎక్కడి నుంచో తెచ్చిందేమో అనిపిస్తుంది. ఏఐ సాయంతో రాసిన కోడ్ గురించీ ఇదే చెబుతాను. సాయం తీసుకోండి, కానీ ప్రతి ఫంక్షన్ ఎందుకుందో చెప్పగలగాలి. చెప్పలేని ఫైల్ మీ రెపోలో (ప్రాజెక్ట్ కోడ్ ఉండే చోట) ఉండకూడదు.

కోడింగ్ ఇష్టం లేనివాళ్లకు ప్రాజెక్ట్ లేదనుకోవద్దు. వాళ్లకు ల్యాబ్ ఉంది. ఓ మోస్తరు మెమరీ ఉన్న కంప్యూటర్‌లో వర్చువల్‌బాక్స్ (ఒక కంప్యూటర్‌లోనే ఇంకో కంప్యూటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) పెట్టుకుని, 180 రోజుల ట్రయల్‌గా ఉచితంగా దొరికే విండోస్ సర్వర్‌ను అందులో ఇన్‌స్టాల్ చేయండి. యాక్టివ్ డైరెక్టరీ (సంస్థలో యూజర్లను, కంప్యూటర్లను ఒకేచోట నుంచి నిర్వహించే వ్యవస్థ) డొమైన్ ఒకటి తయారుచేసి, ఇంకో వర్చువల్ మెషీన్‌ను అందులో చేర్చండి. పది మంది యూజర్లను సృష్టించి గ్రూప్ పాలసీ, అంటే అందరికీ వర్తించే సెట్టింగులు, పెట్టండి. ఇక చెడగొట్టడం మొదలుపెట్టండి. అకౌంట్ లాక్ చేయండి, డీఎన్ఎస్ అడ్రస్ తప్పుగా ఇవ్వండి, షేర్డ్ ఫోల్డర్ అనుమతులు తీసేయండి. ప్రతిదానికీ లక్షణం, వెతికిన దారి, పరిష్కారం, మూడూ టికెట్‌గా, అంటే ఒక్కో సమస్యకు ఒక్కో నమోదుగా, రాసిపెట్టండి. టికెట్ల కోసం ఓఎస్‌టికెట్ లాంటి ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఉంది. హెల్ప్ డెస్క్‌లో రోజంతా చేసేది అచ్చంగా ఈ పనే. నెట్‌వర్క్ వైపైతే, నెట్‌వర్క్‌ను కంప్యూటర్‌లోనే కట్టి చూసే సిస్కో ప్యాకెట్ ట్రేసర్ ఉచితం, దాంతోపాటు నెట్‌వర్క్‌లో వెళ్లే డేటాను చూపించే వైర్‌షార్క్.

లోటు ఒకటుంది. తొలి వడపోతలో ప్రాజెక్టుకు ఉద్యోగ అనుభవమంత బరువు ఉండదు. దాన్ని కొంత సరిచేయాలంటే ప్రాజెక్ట్ వివరాల్లో ప్రకటనలోని పదాలు రావాలి. ‘సర్వర్ సెటప్ చేశాను’ అన్నదాన్ని ‘విండోస్ సర్వర్‌లో యాక్టివ్ డైరెక్టరీ, డీఎన్ఎస్, గ్రూప్ పాలసీ సెటప్ చేశాను’ అని రాస్తే రిక్రూటర్ వెతుకులాటలో దొరుకుతుంది. రెండూ నిజమే, రెండోది కనబడుతుంది.

## ఇంటర్న్‌షిప్, చిన్న పనులు

దొరికితే దీన్ని మించింది లేదు. డెడ్‌లైన్, కోపంగా ఉన్న కస్టమర్, మీ కోడ్‌ను వెనక్కి పంపే సీనియర్, ఇవేవీ ఇంట్లో దొరకవు. చిక్కల్లా దొరకడంలోనే ఉంది. మూడు నెలలూ ఎదురుచూపుల్లోనే పోవచ్చు. కాబట్టి దరఖాస్తులు ఒక పక్క పెడుతూ, ప్రాజెక్ట్ పని ఇంకో పక్క సాగించాలి.

‘ఇంటర్న్‌షిప్ ఇస్తాం, ఇంత కట్టండి’ అనేవాళ్ల దగ్గరికి వెళ్లకండి. డబ్బు తీసుకుని, రెండు చిన్న అసైన్‌మెంట్లు ఇచ్చి, సర్టిఫికెట్ పంపిస్తారు. ఇంటర్వ్యూలో ‘మీ పనిని ఎవరు రివ్యూ చేసేవాళ్లు?’ అన్న ఒక్క ప్రశ్నతో అది బయటపడుతుంది. చేరేముందు అదే ప్రశ్న మీరే వాళ్లను అడగండి: నా పని ఎవరు చూస్తారు, వారానికి ఎన్నిసార్లు? జవాబు సరిగ్గా ఉంటే జీతం కాస్త తక్కువైనా ఆలోచించవచ్చు.

పెద్ద కంపెనీ పేరే ఉండాలని లేదు. ఒక చిన్న సంస్థలో ఎనిమిది కంప్యూటర్లకు బ్యాకప్ ఏర్పాటు చేసి, పాత కంప్యూటర్లలోని ఫైళ్లను కొత్త వాటిలోకి మార్చి, పాస్‌వర్డ్ మేనేజర్ వాడటం నేర్పిన అమ్మాయి రెజ్యూమె ఒకసారి చదివాను. జీతం లేని పని అని రాసింది. మేం ఆమెతో గంటసేపు మాట్లాడాం. ఒక కంప్యూటర్‌లో బ్యాకప్ తీసింది గానీ తిరిగి తెరుచుకోలేదట. అప్పటి నుంచి ప్రతి బ్యాకప్‌నూ ఒకసారి రీస్టోర్ చేసి చూసేదట. ఆ ఒక్క మాటతో మాకు నమ్మకం కుదిరింది.

## ఓపెన్ సోర్స్

డెవలపర్ కావాలనుకునేవాళ్లకు ఇది గొప్ప బడి. మీకు తెలియని వాళ్లు రాసిన కోడ్ చదవడం, వాళ్ల పద్ధతుల్లో మార్పు పంపడం, ‘ఇది సరిగ్గా లేదు’ అంటే సరిచేసి మళ్లీ పంపడం, ఉద్యోగంలో మొదటి ఆరు నెలలు చేసేది ఇదే. చాలా ప్రాజెక్టుల్లో కొత్తవాళ్ల కోసం ‘గుడ్ ఫస్ట్ ఇష్యూ’ అనే లేబుల్ పెడతారు, అక్కడ వెతకండి. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల్లో కొత్తవాళ్లకు పని ఇచ్చే గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ 2005 నుంచి నడుస్తోంది. 2022 నుంచి విద్యార్థులు కాని కొత్తవాళ్లను కూడా తీసుకుంటోంది. మెంటర్ దొరకడం అందులో అసలు లాభం.

కానీ టైమ్ మన చేతిలో ఉండదు. పెద్ద కోడ్‌బేస్ అర్థం చేసుకోవడానికే వారాలు పడుతుంది, మీ పుల్ రిక్వెస్ట్‌ను చూసే మనిషి తన ఖాళీ టైమ్‌లో చూస్తాడు. అక్షర దోషాలు దిద్దిన పది పుల్ రిక్వెస్టుల కన్నా, ఒక బగ్‌ను పట్టుకుని, టెస్ట్ రాసి, మర్జ్ చేయించిన (అసలు కోడ్‌లో కలిపించిన) ఒక్కటి ఎక్కువ. ఇంకో నెలలో ఉద్యోగం కావాల్సినవాళ్లు దీనిమీద ఆధారపడకూడదు.

కోడింగ్ పోటీల ర్యాంకుల గురించి కూడా అడుగుతుంటారు. ఆన్‌లైన్ టెస్ట్ దాటడానికి ఆ సాధన కావాలి. రెజ్యూమెలో ఒక్క లైన్ చాలు.

## ఎవరికి ఏది

డెవలపర్ కావాలనుకునే కొత్త గ్రాడ్యుయేట్. ఒక లోతైన ప్రాజెక్ట్, టైమ్ మిగిలితే ఓపెన్ సోర్స్. నాలుగు చిన్న ప్రాజెక్టుల కన్నా ఒక్కటే, కనీసం ఒకరైనా వాడేది.

హెల్ప్ డెస్క్, సపోర్ట్. మీ దగ్గరున్న పదిహేను ప్రకటనల్లో ఏ ప్లస్ సగానికి పైగా కనిపిస్తే సర్టిఫికేషన్, లేకపోతే ల్యాబ్. రెండూ ఒకేసారి నడిపితే ఇంకా మంచిది. ఉదయం చదివింది సాయంత్రం చెడగొట్టి బాగుచేస్తే పరీక్షకూ అదే చదువు అవుతుంది.

నెట్‌వర్క్, క్లౌడ్. ఇక్కడ సర్టిఫికేషన్‌కు బరువు ఎక్కువ. సీసీఎన్ఏ చదువుతూ ప్యాకెట్ ట్రేసర్‌లో కట్టిన నెట్‌వర్క్‌నే ప్రాజెక్టుగా రాయండి. క్లౌడ్ అకౌంట్ తెరిచిన రోజే ఖర్చు హెచ్చరికలు పెట్టుకోండి. మర్చిపోయి వదిలేసిన సర్వర్‌కు బిల్లు వస్తుంది.

టెస్టింగ్. మీరు రోజూ వాడే ఒక ఓపెన్ సోర్స్ వెబ్ యాప్ తీసుకుని టెస్ట్ కేసులు రాయండి, దొరికిన బగ్‌లను వాళ్ల దగ్గరే నమోదు చేయండి, ఆ తర్వాత కొన్నింటిని బ్రౌజర్‌ను తనంతట తానే నడిపే సెలీనియంతో ఆటోమేట్ చేయండి. చక్కగా రాసిన ఒక బగ్ రిపోర్ట్ లింకు చాలా మాట్లాడుతుంది.

వేరే రంగం నుంచి వచ్చేవాళ్లు. మీ పాత ఉద్యోగాన్ని దాచొద్దు. చాలామంది ఆ పదేళ్లను ఒక్క లైన్‌కు కుదించి, కింద కొత్తగా నేర్చుకున్న కోర్సులు పరుస్తారు. దుకాణంలో, ఆసుపత్రి రిసెప్షన్‌లో, బడిలో పనిచేసినవాళ్లకు కంగారుపడే మనిషితో నిదానంగా మాట్లాడటం వచ్చు. సపోర్ట్ టీములకు దొరకనిది అదే. పాత పనిలో ఎక్సెల్ షీట్ ఏదైనా మీరే తయారుచేశారా, కొత్త సాఫ్ట్‌వేర్ వస్తే తోటివాళ్లకు మీరే నేర్పారా? ఆ లైన్లు పైకి తీసుకురండి. మీకు తొలి వడపోతలో సాయం కావాలి కాబట్టి ఒక సర్టిఫికేషన్, దానికి తోడుగా ల్యాబ్ అయితే సరిపోతుంది.

## రెజ్యూమె అమరిక: మూడింటిలో ఏది

అనుభవాన్ని తేదీల వరసలో రాసేది ఒకటి, నైపుణ్యాలను ముందుపెట్టి తేదీలను వెనక్కి నెట్టేది ఇంకొకటి, రెండూ కలిపింది మూడోది. రెండోదాన్ని వదిలేయండి. తేదీలు కనబడకపోతే ఏదో దాస్తున్నారనిపిస్తుంది. ఫ్రెషర్లకు మూడోదే సరి: పైన నాలుగైదు లైన్ల నైపుణ్యాలు, తర్వాత ప్రాజెక్టులు లేదా ఇంటర్న్‌షిప్, ఆ తర్వాత చదువు, సర్టిఫికేషన్. రంగం మారేవాళ్లు ప్రాజెక్టుల కింద పాత ఉద్యోగాలను తేదీలతో సహా పెట్టాలి. ఒక పేజీ చాలు.

రెండు కాలమ్‌ల అందమైన టెంప్లేట్లు, నైపుణ్యానికి ఐదు చుక్కల్లో నాలుగు నింపడాలు వద్దు. జావాలో నాలుగు చుక్కలంటే ఏంటో ఎవరికీ తెలియదు. పైగా టేబుళ్లు, టెక్స్ట్ బాక్సులు, పేజీ హెడర్లలో రాసిన సంగతులను కొన్ని సాఫ్ట్‌వేర్లు సరిగ్గా చదవలేవు. పీడీఎఫ్‌ను తెరిచి మొత్తం కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. వరస చెదిరిపోయినా, ఫోన్ నంబర్ మాయమైనా టెంప్లేట్ మార్చాల్సిందే.

లైన్లు రాసేటప్పుడు తేడా ఎలా ఉంటుందో చూడండి:

| మామూలుగా రాసేది | బలంగా రాస్తే |
|---|---|
| పైథాన్, ఎస్‌క్యూఎల్ తెలుసు | పైథాన్, పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌తో సభ్యుల చందా యాప్ కట్టాను. 40 మంది వివరాలు నోట్‌బుక్ నుంచి అందులోకి మార్చాను |
| సర్వర్ల మీద అవగాహన ఉంది | వర్చువల్‌బాక్స్‌లో యాక్టివ్ డైరెక్టరీ ల్యాబ్ నడిపి, లాగిన్, డీఎన్ఎస్, అనుమతుల సమస్యలు 25 సృష్టించి పరిష్కరించాను |
| కస్టమర్లతో బాగా మాట్లాడతాను | రిసెప్షన్‌లో రోజుకు 60 మందికి సమాధానం చెప్పాను. కొత్త బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌ను ఆరుగురు తోటివాళ్లకు నేర్పాను |

ఈ అంకెలు నమూనా కోసం. మీ అంకెలు మీవే ఉండాలి, చిన్నవైనా సరే. ‘ముగ్గురు వాడుతున్నారు’ అన్నది నిజమైతే అలాగే రాయండి.

రెజ్యూమె పంపే ముందురోజు దాన్ని ఒక స్నేహితుడి చేతికిచ్చి, ఒక్కో లైన్ మీద మూడేసి ప్రశ్నలు అడగమనండి. టెక్నికల్ మనిషే కానక్కర్లేదు, ‘ఎందుకు?’ అని వదలకుండా అడిగేవాళ్లైతే చాలు. మీ జవాబు మూడో ప్రశ్న దగ్గర తడబడిన లైన్ల పక్కన గుర్తు పెట్టుకోండి. ఆ రాత్రికి నేర్చుకోగలిగినవి నేర్చుకోండి, మిగతావి కొట్టేసి ఫైల్‌ను మళ్లీ సేవ్ చేయండి.